ఒక కీచురాయికి పేరు పెట్టాలంటే ఎన్ని సాక్ష్యాలు కావాలి?

ఫలానా చోట కొత్త కీచురాయి జాతిని కనుగొన్నారనే వార్త అప్పుడప్పుడు పత్రికల్లో ఓ మూల కనిపిస్తుంటుంది. అది చదవగానే ఎవరూ అడుగుపెట్టని అడవి, చేతిలో వలతో తిరిగే శాస్త్రవేత్త, అంతకుముందు ఎవరి కంటా పడని పురుగు మన ఊహలో మెదులుతాయి. కానీ చాలా కొత్త జాతులు ఇలా దొరికినవి కావు. ఆ పురుగు ఇళ్ల చుట్టూ గడ్డిలోనే ఉంటుంది, వీధిదీపం వెలుగుకు వస్తుంది, రాత్రంతా అందరికీ వినబడేలా కూస్తుంది. కొన్నిసార్లు పరిశోధనశాలల్లో ఏళ్ల తరబడి పెరుగుతూ కూడా ఉంటుంది. ఇది వేరే జాతి అన్న సంగతి మాత్రం ఎవరూ రుజువు చేసి ఉండరు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త జాతిని వర్ణించడమంటే దొరికిన పురుగుకు పేరు తగిలించే గుమాస్తా పని కాదు. అది సాక్ష్యాలతో నిలబెట్టాల్సిన వాదన. కీచురాయి విషయంలో ఆ వాదన కంటితో చూసినదాని మీదే నిలబడదు. చెవితో విన్నది, ఋతువును బట్టి గమనించినది, కణాల్లో చదివినది కూడా దానికి తోడు కావాలి.

ముందు వర్ణన అంటే ఏమిటో చూద్దాం. జంతువులకు పేర్లు పెట్టే పద్ధతికి ఆరంభంగా 1758లో వచ్చిన, లిన్నేయస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త గ్రంథం పదో ముద్రణను తీసుకుంటారు. ప్రతి జాతికి రెండు మాటల పేరు ఉంటుంది. మొదటి మాట ప్రజాతిని, రెండు మాటలూ కలిసి జాతిని సూచిస్తాయి. ఈ పేర్లు ఎలా పుట్టాలో, ఎప్పుడు చెల్లుతాయో చెప్పే అంతర్జాతీయ నియమావళి ఒకటి ఉంది. దాని ప్రకారం 2000 సంవత్సరం నుంచి కొత్త జాతికి పేరు పెట్టేవారు ఆ పేరుకు ఆధారమైన మూల నమూనాను స్పష్టంగా చూపాలి. సాధారణంగా అది ఒకే ఒక పురుగు. అది ఎక్కడ, ఏ తేదీన దొరికిందో, ఇప్పుడు ఏ మ్యూజియంలో భద్రంగా ఉందో రాయాలి. శరీరం కొలతలు, రంగు, రెక్కల మీది ఈనెల అమరిక, మగ పురుగు జననాంగాల ఆకారం, ఆడ పురుగు గుడ్లు పెట్టే గొట్టం పొడవు నమోదు చేయాలి. దగ్గరి జాతుల నుంచి ఇది ఏ లక్షణంలో వేరవుతుందో తేల్చి చెప్పాలి. ఇంత వివరం ఎందుకంటే, వర్ణన రాసినవారి మాట మీద ఎవరూ నమ్మకం ఉంచనక్కర్లేదు. నూరేళ్ల తర్వాత మరొకరు ఆ పెట్టె తెరిచి, ఆ పురుగును తిరిగి పరీక్షించి, తప్పుంటే తప్పని చెప్పగలగాలి. వర్ణనను వాదన అనడంలో నా ఉద్దేశం ఇదే.

ఇక చెవి సంగతికి వద్దాం. సాధారణంగా కూసేది మగ కీచురాయి. దాని కూత గొంతు నుంచి రాదు. ఒక ముందు రెక్క అడుగున ఆకురాయిలాంటి పళ్ల వరుస ఉంటుంది, రెండో రెక్క అంచున గట్టి గీరుడు భాగం ఉంటుంది. రెక్కలు మూసిన ప్రతిసారీ ఆ అంచు పళ్ల మీద రాసుకుని ఒక చిన్న ధ్వని పుడుతుంది. ఈ చిన్న ధ్వనిని పల్స్ అంటారు. కొన్ని జాతులు మూడు నాలుగు పల్స్‌లను గుత్తిగా పలికి కాస్త ఆగుతాయి, కొన్ని ఆపకుండా సాగదీస్తాయి. వినే చెవులు ముందు కాళ్ల మీద, మోకాలికి కొంచెం దిగువన ఉంటాయి. చీకట్లో ఆడ పురుగు మగదాని రూపం చూసి రాదు, పాట విని వస్తుంది. తన జాతి పాటలో పల్స్‌ల వేగం ఎంతో, విరామం ఎంతో దాని నాడీ వ్యవస్థకు పుట్టుకతోనే తెలుసు. ఆ లయ తప్పిన పాటకు అది సాధారణంగా కదలదు. కాబట్టి కీచురాళ్లలో ఎవరు ఎవరితో జతకట్టాలో తేల్చడంలో పాటది పెద్ద పాత్ర. జాతి అంటే ప్రకృతిలో తమలో తాము జతకట్టి, ఇతరులతో కలవకుండా సాగే సమూహం అని ఒప్పుకుంటే, పాటను వదిలేసి రాసిన వర్ణన అసలు సాక్షిని పిలవకుండా చెప్పిన తీర్పు అవుతుంది.

చరిత్రలో అలాంటి తీర్పు నిజంగానే వెలువడింది. 1915లో ఫిలడెల్ఫియాకు చెందిన రెన్, హెబార్డ్ అనే ఇద్దరు పండితులు అమెరికా పొలాల కీచురాళ్లను పరిశీలించారు. అప్పటికి వాటికి రకరకాల పేర్లు ఉండేవి. వాళ్లు మ్యూజియం నమూనాలను కొలిచి, పోల్చి చూశారు. కొలతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి, రంగులు మారిపోతున్నాయి, ఎక్కడా గట్టి గీత గీయడం కుదరలేదు. దాంతో అవన్నీ గ్రిల్లస్ అసిమిలిస్ అనే ఒకే జాతి అని తేల్చారు. ఎండిన పురుగులే సాక్ష్యంగా ఉన్నప్పుడు ఆ నిర్ణయంలో తర్కం లోపించలేదు. లోపించింది సాక్ష్యమే. తర్వాత ఫుల్టన్ అనే కీటక శాస్త్రవేత్త ఉత్తర కెరొలినాలో బతికున్న పురుగులను విన్నారు. ఒకే జాతి అనుకుంటున్నవాటిలో నాలుగు రకాలు ఉన్నాయనీ, వాటి పాటలు, తిరిగే చోట్లు, పెద్దవయ్యే కాలాలు వేరువేరనీ ఆయన గమనించారు. వాటిని ఒకదానితో ఒకటి సంకరం చేయడానికి చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ఆ ఫలితాలు 1952లో వెలువడ్డాయి. 1957లో రిచర్డ్ అలెగ్జాండర్ తూర్పు అమెరికా కీచురాళ్లను పాటల ఆధారంగా తిరిగి వర్గీకరించి, ఒకటిగా ముడిపడిన జాతిని విడదీశారు. అదే బాటలో నడిచిన వైస్‌మన్, గ్రే అనే ఇద్దరు 2019లో అమెరికా గ్రిల్లస్ ప్రజాతి మీద సమగ్ర గ్రంథం ప్రచురించి, 17 కొత్త జాతులకు పేర్లు పెట్టారు. ఆ పురుగులు కొత్తగా పుట్టుకొచ్చినవి కావు. ఇన్నాళ్లూ కూస్తూనే ఉన్నాయి.

ఈ వాదనకు అన్నింటికన్నా బలమైన ఉదాహరణ టెక్సస్ కీచురాయి. 1975లో విలియం కేడ్ అనే పరిశోధకుడు ఒక అపురూపమైన విషయాన్ని ప్రచురించారు. లౌడ్‌స్పీకర్‌లో కీచురాయి పాట వినిపిస్తే ఒక జాతి ఈగలు దాని మీదికి వచ్చి వాలాయి. ఆ ఈగ మగ కీచురాయిని పాట ఆనవాలుగా వెతికి పట్టుకుని, తన పిల్ల పురుగులను దాని మీద వదులుతుంది. అవి కీచురాయి ఒంట్లోకి దూరి లోపలే తిని పెరుగుతాయి, చివరికి అది చనిపోతుంది. అంటే ఆడదాన్ని పిలిచే పాటే మృత్యువునూ పిలుస్తుంది. ఈ అధ్యయనం జీవశాస్త్రంలో పెద్ద చర్చకు దారితీసింది, ఆ కీచురాయి మీద ఎందరో పనిచేశారు. అయితే ఆ రోజుల్లో దాన్ని గ్రిల్లస్ ఇంటెజర్ అని పిలిచేవారు. నిజానికి ఆ పేరు కాలిఫోర్నియా వైపు పశ్చిమ ప్రాంతంలో ఉండే వేరే జాతిది. టెక్సస్ పురుగుకు సొంత పేరు 2000 సంవత్సరంలో వచ్చింది. కేడ్, డేనియల్ ఒటీ కలిసి దాన్ని గ్రిల్లస్ టెక్సెన్సిస్‌గా వర్ణించారు. పాతికేళ్లపాటు శాస్త్రలోకం తెగ చదివిన పురుగు, ఆ పాతికేళ్లూ మరొకదాని పేరుతో చెలామణీ అయింది. ఆ ఈగ పేరు కూడా మధ్యలో మారి, ఇప్పుడు దాన్ని ఓర్మియా ఓక్రాసియా అంటున్నారు. ఇక్కడ నష్టం పేరుతో ఆగదు. టెక్సస్‌లో కొలిచిన సంఖ్యను కాలిఫోర్నియా పురుగు సంఖ్యతో పోల్చి, ఒకే జాతిలో ఎంత వైవిధ్యమో చూడండని ఎవరైనా సిద్ధాంతం కడితే, ఆ సిద్ధాంతం పునాదిలోనే తప్పుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం సమంజసమైనదే. పాట నిలకడ లేనిది కదా, ఎండను బట్టి, వయసును బట్టి మారేదాన్ని జాతికి గుర్తుగా ఎలా తీసుకుంటారని అడగవచ్చు. వేడి పెరిగితే కీచురాయి కూత వేగం పెరగడం నిజమే. 1897లో భౌతిక శాస్త్రవేత్త ఏమస్ డాల్బేర్ నిమిషానికి వినిపించే కూతల లెక్క నుంచి గాలి ఉష్ణోగ్రతను చెప్పే సూత్రం ప్రచురించారు. ఆ సూత్రం నేటికీ ప్రసిద్ధమే. అయితే ఆయన విన్నది ఏ జాతి కీచురాయో ఆ వ్యాసంలో చెప్పలేదు. అది చెట్ల మీద ఉండే ఒక లేతరంగు కీచురాయి అయి ఉండాలని తర్వాతివారు అంచనా వేశారు. ఆ కీచురాయికి ఇప్పుడున్న పేరును 1962లో థామస్ వాకర్ పెట్టారు. ఇంతకుముందు చెప్పుకున్న ఫుల్టన్ గౌరవార్థం దాన్ని ఈకాంతస్ ఫుల్టోని అన్నారు. ఇదే సూత్రాన్ని పొలం కీచురాయికి వర్తింపజేస్తే లెక్క కుదరదు. ఉష్ణోగ్రతతో పాట మారుతుందన్న నిజం పాటను సాక్ష్యంగా కొట్టిపారేయదు. పాటతో పాటు ఉష్ణోగ్రతనూ నమోదు చేయమని చెబుతుంది. అందుకే నేటి వర్ణనలు అన్ని పాటలనూ 25 డిగ్రీల సెల్సియస్ వంటి ఒకే కొలమానానికి తెచ్చి పోలుస్తాయి. ఇక పాట నేర్చుకున్నది కావచ్చన్న అనుమానానికి కూడా జవాబు ఉంది. చాలా జాతుల్లో గుడ్లు పగిలే నాటికి తల్లిదండ్రులు బతికి ఉండరు, నేర్పేవారే ఉండరు. రెండు జాతులను ప్రయోగశాలలో సంకరం చేస్తే పుట్టిన మగవాటి పాట ఆ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. రాన్ హాయ్, ఆయన సహచరులు 1977లో ప్రచురించిన ప్రయోగంలో సంకర ఆడ పురుగులు సంకర మగవాటి పాటకే ఎక్కువ మొగ్గు చూపాయి. పాట పాడటం, పాటను ఎంచుకోవడం రెండూ వారసత్వంగా వస్తాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో అభ్యంతరం ఆ ప్రయోగం నుంచే పుడుతుంది. సంకరం సాధ్యమైతే రెండూ ఒకే జాతి కదా అంటారు. టెక్సస్ కీచురాయికీ, దాని తూర్పు బంధువు గ్రిల్లస్ రూబెన్స్‌కూ ప్రయోగశాలలో సంతానం కలుగుతుంది. చూపుకు రెండూ ఇంచుమించు ఒకటే. కానీ టెక్సస్ పురుగు పల్స్‌లు మరింత వేగంగా సాగుతాయి, ప్రతి జాతి ఆడదీ తన వేగాన్నే కోరుకుంటుంది. రెండూ కలిసి ఉండే ప్రాంతంలో కూడా రెండు పాటలూ విడివిడిగానే నిలిచాయి, నడిమి పాటలు పుట్టి కలగాపులగం కాలేదు. డబ్బాలో బంధిస్తే ఏం జరగగలదన్నది ఒక ప్రశ్న, ఆరుబయట ఏం జరుగుతోందన్నది మరో ప్రశ్న. జాతి నిర్ణయానికి రెండోదే ముఖ్యం. అలాగని పాట తేడా కనిపించిన ప్రతిచోటా కొత్త జాతి ప్రకటించేయకూడదు. హవాయి దీవుల్లో కవాయి అనే ద్వీపం ఉంది. అక్కడ కూడా అదే ఈగ కీచురాళ్లను వేటాడుతుంది. మార్లీన్ జుక్, ఆమె సహచరులు 2006లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఇరవై తరాల లోపే అక్కడి మగ కీచురాళ్లలో నూటికి తొంభైకి పైగా కూయడం మానేశాయి. రెక్కల మీది ధ్వని భాగాలు పుట్టుకతోనే చదునైపోయాయి. పాటే పోయింది కదా, ఇది కొత్త జాతి అనవచ్చా? అనకూడదు. ఆ మూగ మగవి ఇంకా కూసే కొద్ది మగవాటి దగ్గర చేరి, వచ్చిన ఆడవాటితో జతకడుతున్నాయి. సంతానోత్పత్తి తెగిపోలేదు, కాబట్టి జాతి ఒకటే. పాటకు విలువ అది వినసొంపుగా ఉండటం వల్ల రాలేదు, జతలను వేరుచేయడం వల్ల వచ్చింది. ఆ పని చేయని చోట ఆ తేడాకు ఆ విలువ లేదు.

ఇక ఆధునికమైన అభ్యంతరం ఒకటుంది. కణాల్లోని డి.ఎన్.ఏ. చదవగలిగిన రోజుల్లో ఈ కొలతలు, పాటలు ఎందుకు, ఒక కాలు ముక్క పంపితే యంత్రమే చెబుతుంది కదా అంటారు. డి.ఎన్.ఏ. గొప్ప సాక్షే, కాదనను. ఉత్తర అమెరికాలో వసంత కీచురాయి, శరదృతు కీచురాయి అని రెండు ఉన్నాయి. రూపం ఒకటే, పాట కూడా ఒకటే. ఒకటి పిల్ల పురుగుగా చలికాలం గడిపి వసంతం చివర పెద్దదవుతుంది, మరొకటి గుడ్డుగా చలికాలం దాటి వేసవి చివర పెద్దదవుతుంది. రెండూ ఒకే చోట ఉన్నా చాలావరకు ఒకే సమయంలో యవ్వనంలో ఉండవు. 1960లో అలెగ్జాండర్, బిగెలో వసంత కీచురాయిని వేరే జాతిగా వర్ణించారు. కాలభేదం వల్లే ఒకటి రెండుగా చీలిందని కూడా ప్రతిపాదించారు. ఇవి రెండూ అంత దగ్గరి బంధువులు కావని తర్వాతి డి.ఎన్.ఏ. పరిశోధనలు చూపించాయి. జాతులు రెండన్న మాట నిలిచింది, ఎలా చీలాయన్న కథ నిలవలేదు. ఇక్కడ పాట ఓడింది, ఋతువు, డి.ఎన్.ఏ. గెలిచాయి. మరి టెక్సస్ కీచురాయి, రూబెన్స్ విషయంలో? అవి ఇటీవలే విడిపోయినవి కావడం వల్ల కణాల్లోని మైటోకాండ్రియా అనే భాగంలో ఉండే డి.ఎన్.ఏ. వాటిని శుభ్రంగా రెండు కొమ్మలుగా చూపలేదు. అక్కడ పాట గెలిచింది. వీటిలో ఏ ఒక్కదానికీ పట్టం కట్టి మిగతావాటిని పంపేయలేం. వేరువేరు దారుల్లో వచ్చిన సాక్ష్యాలు ఒకే చోట కలిసినప్పుడే వర్ణన గట్టిపడుతుంది.

చాలామంది మనసులో ఉండే ప్రశ్న మరొకటి ఉంది. పేరు పెట్టడానికి ఒక ప్రాణిని చంపి సూదికి గుచ్చడం న్యాయమా, ఫొటో చాలదా? ఈ బాధ గౌరవించదగ్గది, తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఫొటో మనం తీసిన కోణాన్నే చూపుతుంది. రెక్క అడుగున పళ్లు ఎన్నున్నాయని రేపు ఎవరైనా అడిగితే ఫొటో చెప్పలేదు. 1915లో పరిశీలించిన మ్యూజియం పురుగులను నేటివారు తిరిగి పరీక్షించగలుగుతున్నారంటే అవి అక్కడ ఉన్నందువల్లే. ఒక వర్ణనకు కావలసిన పురుగులు కొన్ని మాత్రమే. ఒక చెరువుగట్టు చదును చేసినప్పుడు, ఒక గడ్డిబీడు మీద మందు చల్లినప్పుడు పోయే వాటికి లెక్కే ఉండదు, అవి ఏ జాతివో కూడా ఎవరికీ తెలియదు. పేరు లేని జాతి పోయిందని చెప్పడానికి కూడా వీలుండదు. రక్షించాల్సిన జాతుల జాబితాలో చేరాలంటే ముందు దానికి పేరుండాలి. అవసరానికి మించి పట్టకూడదన్న నియమాన్ని గట్టిగా పాటించాలి, పట్టినదాన్ని శ్రద్ధగా భద్రపరచాలి. ఈ రెండూ పాటిస్తే ఆ పని న్యాయమైనదేనని నేను నమ్ముతున్నాను.

ఇంత శ్రమతో మనుషులకు ఒరిగేదేమిటని అడిగేవారికి మళ్లీ ఆ ఈగనే చూపిస్తాను. ఓర్మియా ఈగ రెండు కర్ణభేరుల మధ్య దూరం అర మిల్లీమీటరు మాత్రమే. అంత చిన్న తలతో ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో అది అద్భుతమైన కచ్చితత్వంతో పసిగడుతుంది. ఆ చెవి నిర్మాణాన్ని ఆదర్శంగా తీసుకుని ఇంజనీర్లు దిశను గుర్తించే చిన్న మైక్రోఫోన్లను రూపొందించారు. వినికిడి యంత్రాల్లో పనికొచ్చేలా చేయాలన్నది వారి లక్ష్యం. ఇదంతా ఒక ఈగ ఒక కీచురాయిని ఎలా వెతుకుతుందన్న ప్రశ్నతో మొదలైంది. అలాగే రీయూనియన్ ద్వీపంలో ఒక ఆర్కిడ్ పువ్వు పుప్పొడిని ఎవరు మోస్తున్నారో తెలియక రాత్రి కెమెరా పెడితే, రెక్కలు లేని కీచురాయి లాంటి పురుగు కనిపించింది. 2010లో దానికి గ్లొమెరెమస్ ఆర్కిడోఫిలస్ అని పేరు పెట్టారు. ఆ పువ్వు కాయ కాయాలంటే ఆ పురుగు ఉండాలి. ఫలానా పురుగు ఫలానా పని చేస్తోందని చెప్పాలంటే ఫలానా పురుగు ఏదో ముందు తేలాలి. ప్రయోజనం ఎప్పుడూ వర్ణన తర్వాతే వస్తుంది.

మన దేశం విషయానికొస్తే, భారత ప్రాణి సర్వేక్షణ సంస్థ 1916 నుంచి పనిచేస్తోంది, హైదరాబాదులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. మన కీచురాళ్ల మీద ఫ్రెంచి పండితుడు లూసియెన్ షోపార్ రాసిన సంపుటం 1969లో వెలువడింది. ఆ తరం గ్రంథాలకు ప్రధాన ఆధారం భద్రపరచిన శరీరాలే. బతికున్న పురుగును వినే పని తర్వాత మొదలైంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రోహిణి బాలకృష్ణన్ బృందం కర్ణాటకలోని కుద్రేముఖ్ అడవిలో కీచురాళ్ల, మిడతల జాతుల పాటలను నమోదు చేసింది. శిక్షణ పొందిన మనిషి చెవితోనే జాతులను గుర్తించి, ఒక్క పురుగునూ పట్టకుండా అడవిలో వాటి వైవిధ్యాన్ని అంచనా వేయవచ్చని వారు చూపించారు. ఒకసారి నమూనాతో సహా పక్కాగా వర్ణించిపెడితే, ఆ తర్వాత చంపకుండానే వింటూ లెక్క పెట్టవచ్చన్నమాట. నల్లమల, శేషాచలం, పాపికొండలు మొదలుకొని మన చెరువుగట్ల వరకు ఇలాంటి పని జరగాలి. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ధ్వనిని ముద్రించే పరికరం, ఉష్ణోగ్రత చూసే థర్మామీటరు, తేదీ, స్థలం రాసుకునే పుస్తకం ఉంటే మన డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. ముద్రించిన పాటలను, నమూనాలను మ్యూజియంలకు అప్పగిస్తే, తర్వాత వచ్చేవారు వాటిని పరీక్షించి వర్ణనలు రాస్తారు. అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది మీ విద్యార్థులకు సీసాలోని కీచురాయిని చూపించడంతో సరిపెట్టకండి. కూసే కీచురాయిని వినిపించండి, ఆ పాటను కొలిపించండి, దాని లెక్కను రాయించండి.